గుద్దిన ట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్ లేదు, మరి డబ్బులు ఎవరిచ్చారు?

కారు పాలసీ రెన్యువల్ చేయించేటప్పుడు ఏజెంటు చాలా చెప్తాడు. క్యాష్‌లెస్ అంటాడు, రోడ్డు మీద ఆగిపోతే వచ్చి తీసుకుపోతారంటాడు. మనల్ని గుద్దిన బండికి అసలు ఇన్సూరెన్సే లేకపోతే ఏంటి సంగతి అన్న మాట మాత్రం ఆయన ఎత్తడు, మనం అడగం. అమెరికాలో దీనికోసమే విడిగా ఒక కవర్ అమ్ముతారట. మన దేశంలో ఆ పేరుతో ఏదీ లేదు. ఉన్న పాలసీలోనే ఏ ముక్క ఎంతవరకు పనికొస్తుందో వెతుక్కోవాలి. నాకు ఆ వెతుకులాట 2024 కార్తీకమాసంలో మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది.

నాది నల్లగొండలో ఎరువుల దుకాణం. కారు 2021 దసరాకు కొన్న స్విఫ్ట్. ఆ ఆదివారం నేను, మా ఆవిడ, మా అత్తమ్మ వాడపల్లి పోయాం. కృష్ణలో మూసీ కలిసే చోట స్నానాలు, అగస్త్యేశ్వరుడి దర్శనం, నరసింహస్వామి దర్శనం, దీపాలు పెట్టడం అన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది. మిర్యాలగూడ మీదుగా వెనక్కి బయల్దేరాం. వానాకాలం పంట కోతలప్పుడు ఆ రోడ్డు ఎట్లుంటుందో ఇటువైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. సన్నవడ్లు కోసింది కోసినట్టే, పచ్చివి పచ్చిగానే మిల్లులకు తోలుతుంటారు. ఎటు చూసినా ట్రాక్టర్లే.

వేములపల్లి దాటాం, మాడుగులపల్లి టోల్‌గేటు ఇంకా రాలేదు. మసక చీకట్లో డివైడర్ సందులోంచి ఒక ఖాళీ ట్రాక్టర్ ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. ఇంజన్ దాటిపోయింది, ట్రాలీ నా ముందు మిగిలింది. దానికి లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు. బ్రేకు తొక్కి ఎడమకు తిప్పాను. ట్రాలీ మూల కుడి హెడ్‌లైటుకు తగిలి బానెట్‌ను లేపేసింది, ముందు అద్దం పగుళ్లిచ్చింది. మా ఇద్దరికీ గీతలే పడ్డాయి. వెనక కూర్చున్న అత్తమ్మ బెల్టు పెట్టుకునే ఉంది కానీ, భయానికి ముందు సీటుకు చెయ్యి అడ్డం పెట్టింది. కుడి మణికట్టు విరిగింది.

ట్రాక్టర్ నడిపిన పిల్లగాడు పారిపోలేదు. పాపం, అతనే వచ్చి వెనక డోర్ తీశాడు. నేను 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా ఫోటోలు తీశాను: డివైడర్ సందు కనబడేట్టు ఒకటి, ట్రాలీ వెనక భాగం ఒకటి, బండి నంబరు ఒకటి. నంబరు అంటే ఇంజన్ మీద సగం చెరిగిన ఏపీ 24. ట్రాలీకి అదీ లేదు, ఒట్టి ఆకుపచ్చ రంగు రేకు. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్, విడిగా ఇన్సూరెన్స్ ఉండాలని చట్టం. మన ఊళ్లల్లో ఎన్ని ట్రాలీలకు నంబర్లున్నాయో ఒకసారి బజార్లో నిలబడి చూడండి.

అక్కడి నుంచే నా ఇన్సూరెన్స్ కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. అవతల అమ్మాయి టైమ్, చోటు, లైసెన్స్ వివరాలు అడిగింది, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగింది, చివర్లో “ఎదుటి వాహనం ఇన్సూరెన్స్ వివరాలు ఉన్నాయా సార్?” అంది. నాకెట్ల తెలుస్తదమ్మా అన్నాను. “పర్వాలేదు సార్, మీది కాంప్రహెన్సివ్ పాలసీ కదా, మీ బండి డ్యామేజీకి అది అవసరం లేదు” అని క్లెయిమ్ నంబరు మెసేజ్ పెట్టింది. ఆ రాత్రి ఆ మాట విలువ నాకు అంతగా ఎక్కలేదు.

మర్నాడు పొద్దున స్టేషన్‌కు పోయి దరఖాస్తు ఇచ్చాను. రైటర్ దగ్గరున్న కానిస్టేబుల్ నా ఫోన్‌లో ఫోటో చూసి నవ్వాడు. “సేటూ, ఆ ట్రాలీకి నంబరే లేకపాయె, ఇన్సూరెన్స్ ఎక్కడికెళ్లి వస్తది?” అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు, కనీసం ఇంజన్‌కైనా ఉంటుందనుకున్నాను. హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో అని ఒకటుంది. ప్రమాదం చేసిన బండి నంబరు కొడితే ఏ కంపెనీ పాలసీ ఉందో వాళ్ల సైట్‌లో వెతకొచ్చు. అందులో ఏమీ రాలేదు. పోలీసులు ఓనర్‌ను పిలిచి అడిగితే ఆయనే చెప్పేశాడు.

ఓనర్ యాభై దాటిన రైతు. వాళ్ల ఊరి పెద్దమనిషిని వెంటేసుకుని వచ్చాడు. స్టేషన్ బయట వేపచెట్టు కింద నిలబడి, “అన్నా, కొత్తల తీస్కున్నప్పుడు ఫైనాన్సోళ్లే కట్టించిన్రు. కిస్తులు అయిపోయినంక ఎవ్వలు అడగలే, నేను కట్టలే” అన్నాడు. అబద్ధం లేని మాట. నా దుకాణానికి వచ్చే రైతుల్లో సగం మంది కథ ఇదే. అప్పు ఉన్నన్ని రోజులు ఫైనాన్స్ కంపెనీ తన సొమ్ము కాపాడుకోవడానికి పాలసీ కట్టిస్తుంది, అప్పు తీరగానే బండి ఒంటరిదైపోతుంది. బైకులదీ అంతే. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైకుకు ఐదేళ్లు, కొత్త కారుకు మూడేళ్లు థర్డ్ పార్టీ, అంటే మన బండి వేరేవాళ్లకు చేసే నష్టానికి ఉండే ఇన్సూరెన్స్, ముందే కట్టించుకుంటున్నారు కాబట్టి అప్పటిదాకా బాగానే ఉంటుంది. ఆ గడువు దాటాక ఎవరి ఇష్టం వారిది అన్నట్టు నడుస్తోంది. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 2,000, లేకపోతే మూడు నెలల వరకు జైలు. రెండోసారి 4,000. నా స్విఫ్ట్‌లాంటి కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియమే, జీఎస్టీ కాకుండా, 3,416 రూపాయలు. మొదటి జరిమానా దానికంటే తక్కువ. ఇక భయం ఎవరికుంటుంది?

పెద్దమనిషి పది వేలు చేతిలో పెడతానన్నాడు. “మీకు ఇన్సూరెన్స్ ఉండె, పెద్దమ్మకు మేం చూస్కుంటం, కేసు ఎందుకు సేటూ” అన్నాడు. అప్పటికే తెల్లకాగితం మీద రాజీ రాసి తెచ్చారు. ఇక ముందు ఎలాంటి క్లెయిమ్ ఉండదని కింద ఒక వాక్యం. నేను పక్కకు వచ్చి క్లెయిమ్ చూస్తున్న సర్వేయర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒకటే అన్నాడు: “ఆ వాక్యం మీద సంతకం పెట్టకండి.” కారణం పాలసీ కాగితాల్లోనే ఉంది. మనకు డబ్బులిచ్చాక, ఆ డబ్బును తప్పు చేసినవాడి దగ్గర రాబట్టుకునే హక్కు కంపెనీకి వెళ్తుంది. మనం ముందే మాఫీ రాసిచ్చేస్తే ఆ హక్కు పోతుంది, అది అడ్డం పెట్టుకుని మన క్లెయిమ్ ఆపేయొచ్చు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, డబ్బు మాట ఇవ్వడం గానీ చేయకూడదని కూడా అందులో రాసి ఉంటుంది. ఊళ్లో పంచాయితీ పెట్టి సాయంత్రానికి తేల్చేసుకునే అలవాటు మనది. ఆ అలవాటుకూ ఈ షరతుకూ పొంతన కుదరదు.

కేసు అయ్యింది. భారతీయ న్యాయ సంహిత 281 నిర్లక్ష్యంగా నడిపినందుకు, 125 దెబ్బలు తగిలినందుకు. ఇన్సూరెన్స్ లేనందుకు మోటారు వాహనాల చట్టం 196 విడిగా. ఇక్కడ ఒక చిన్న విషయం. మొదట మామూలు దెబ్బలని రాశారు. ఎముక విరిగితే అది చట్టం లెక్కలో తీవ్ర గాయం. గవర్నమెంటు ఆస్పత్రి నుంచి వూండ్ సర్టిఫికెట్ వచ్చాక 125లో క్లాజు మార్చారు. ఆ మార్పు జరిగిందా లేదా అని మేమే కనుక్కుంటూ ఉన్నాం, ఎందుకంటే తర్వాత నష్టపరిహారం మొత్తం దాని మీదే నిలబడుతుంది.

కారు వెంటనే గ్యారేజీకి పోలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి రెండు బండ్లూ చూసి రిపోర్టు ఇచ్చేదాకా స్టేషన్ ఆవరణలోనే ఎండకు ఎండింది. అద్దం పగుళ్లలోంచి మంచు నీళ్లు దిగకుండా నేను దుకాణంలో ఎరువు బస్తాల మీద కప్పే పట్టా తెచ్చి కట్టాను. తర్వాత క్రేన్ పెట్టి వర్క్‌షాపుకు.

సర్వేయర్ పని చూడటం నాకు బాగా నచ్చింది. మోటారు క్లెయిమ్ 50,000 దాటితే లైసెన్స్ ఉన్న సర్వేయర్ చూసి తీరాలి. ఈయన చేతిలో చిన్న టార్చి, మెడకు కళ్లద్దాల తాడు. బంపర్ మీద వేలి కణుపుతో కొట్టి చూసేవాడు, బానెట్ కింద చెయ్యి పెట్టి తడిమేవాడు. ఒక పాత గీత దగ్గర ఆగి, “ఇది ఈ యాక్సిడెంట్‌ది కాదు సార్” అన్నాడు. నిజమే, అది మా గల్లీ గేటుకు రాసుకున్న గీత. అది తీసేసి మిగిలినవి రాసుకున్నాడు. విప్పాక రేడియేటర్, ఏసీ కండెన్సర్ కూడా వంగాయని తేలితే మళ్లీ వచ్చి చూశాడు. విప్పకముందు ఇచ్చిన ఎస్టిమేట్‌కూ విప్పాక తేలే దానికీ తేడా ఉంటుంది, ఆ రెండోసారి చూడనిదే మెకానిక్ పార్టులు బిగిస్తే ఆ డబ్బు రాదు.

బిల్లు 1,18,750 అయ్యింది. ఇందులో ఎంత వస్తుందన్నది తప్పు ఎవరిదన్న దాని మీద ఆధారపడదు, ఏ పార్టు దేనితో చేశారన్న దాని మీద ఉంటుంది. నా కారు నాలుగో ఏట ఉంది కాబట్టి ఇనుప పార్టులకు 25 శాతం తరుగు. ప్లాస్టిక్, రబ్బరుకు బండి వయసుతో పని లేకుండా సగం కోత. అద్దానికి కోత లేదు, లేబర్‌కు లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం తీస్తారు. నా లెక్క ఇలా తేలింది: బానెట్, ఫెండర్, లోపలి ఇనుప పట్టీ కలిపి 38,000లో 9,500 కోత. రేడియేటర్, కండెన్సర్ 15,000లో 3,750. బంపర్, గ్రిల్, హెడ్‌లైటు వగైరా ప్లాస్టిక్ 26,000లో 13,000. ముందు అద్దం 7,500 పూర్తిగా ఇచ్చారు, లేబర్ 14,000 పూర్తిగా ఇచ్చారు. పెయింటు 16,000లో 2,000 పోయాయి. కూలెంట్, ఏసీ గ్యాసు, బోల్టులు 2,250, ఇవి అసలు లెక్కలోకే రావు. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లోనూ మనం భరించాల్సింది 1,000. మొత్తం నా జేబులోంచి 31,500, కంపెనీ నుంచి 87,250.

హెడ్‌లైటు దగ్గర మాత్రం నేను వాదించాను. అద్దమే కదా సార్, కోత ఎందుకు అన్నాను. ఆయన విరిగిన ముక్క తీసి నా చేతిలో పెట్టి వంచమన్నాడు. వంగింది. ఇక మాట్లాడలేదు.

జీరో డిప్రిసియేషన్, మనవాళ్లు బంపర్ టు బంపర్ అంటారే, అది ఉంటే ఈ కోతల్లో చాలావరకు ఉండవు. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉన్నవాళ్లకు మాత్రం ఇదే ప్రమాదంలో కారుకు రూపాయి రాదు. ఎందుకంటే థర్డ్ పార్టీ అనేది మనం వేరేవాళ్లకు చేసిన నష్టానికి. మనకు నష్టం చేసినవాడికి పాలసీ లేకపోతే ఇక ఆ రైతు వెంట పడటమే మిగులుతుంది. ఆ అమ్మాయి ఫోన్లో “కాంప్రహెన్సివ్ కదా” అన్నది ఇందుకు. ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దినా, గేదె అడ్డమొచ్చినా, చెట్టు కూలినా, కాంప్రహెన్సివ్‌లో మన బండి నష్టం చూసే ఓన్ డ్యామేజ్ భాగానికి ఒకటే లెక్క.

నాకు కడుపు మండింది నో క్లెయిమ్ బోనస్ దగ్గర. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినందుకు 35 శాతం తగ్గింపు ఉండేది, ఇంకో ఏడాది గడిస్తే 45 అయ్యేది. ఈ క్లెయిమ్‌తో సున్నా. తప్పు నాది కాదని ఎఫ్ఐఆర్ చెప్తోంది కదా అంటే, అది నో ఫాల్ట్ బోనస్ కాదు సార్, నో క్లెయిమ్ బోనస్ అన్నారు కాల్ సెంటర్ వాళ్లు. చిన్న డ్యామేజీ అయితే బోనస్ ఎంత పోతుందో లెక్కేసుకుని, చేతి డబ్బు పెట్టుకోవడమే మేలు కావచ్చు. నాదంత చిన్నది కాదు.

ఇంతవరకూ కారు కథ. బిల్లు కట్టి, కాగితాల మీద సంతకాలు పెట్టి, కారు ఇంటికి తెచ్చిన సాయంత్రం అత్తమ్మ చేతికి పట్టీతో వరండాలో కూర్చుని ఉంది. మా ఆవిడతో, “కారుకు ఇచ్చిన్రంట గద బిడ్డా, మరి నా చెయ్యికి ఎందుకియ్యరు?” అంది. నాతో నేరుగా అనదు, నాకు వినబడేట్టు అంటుంది.

ఆమె ఖర్చు తక్కువేం కాదు. ఆ రాత్రి 108 వాళ్లు నల్లగొండ గవర్నమెంట్ జనరల్ ఆస్పత్రికి తెచ్చారు. అక్కడ మెడికో లీగల్ కేసుగా రాసుకుని, ఎక్స్‌రే తీసి, చేతికి పిండికట్టు (స్లాబ్) వేశారు. తర్వాత ప్రైవేటులో ప్లేటు వేయించాం. ఆపరేషన్, మందులు, ఫిజియోథెరపీ కలిపి లక్ష దగ్గరకు పోయింది. ఇప్పుడైతే కొంత నయం. 2025 మే నుంచి కేంద్రం పథకం ఒకటి అమల్లోకి వచ్చింది, రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకు గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు క్యాష్‌లెస్ వైద్యం, గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా. మా ప్రమాదం అంతకు ముందుది.

నా పాలసీ ముందేసుకుని కూర్చున్నాను. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని పెద్దక్షరాలతో ఉంది. అది ఓనర్ కమ్ డ్రైవర్‌కు, అంటే నాకు మాత్రమే. అదీ చనిపోతేనో, కాళ్లూ చేతులూ, చూపూ శాశ్వతంగా పోతేనో. పక్కన కూర్చున్నవాళ్ల కోసం ప్యాసింజర్ కవర్ అని విడిగా తీసుకోవచ్చు గానీ, దాని పట్టిక కూడా చావు, అంగవైకల్యం దగ్గరే ఆగుతుంది. విరిగి అతుక్కున్న మణికట్టుకు అందులో గడి లేదు.

ఇక మిగిలింది లయబిలిటీ భాగం. ఇక్కడే అసలు తిరకాసు. కాంప్రహెన్సివ్ పాలసీలో కారులో కూర్చున్నవాళ్లకూ రక్షణ ఉంది, కానీ ఎప్పుడు? కారు నడిపినవాడు బాధ్యుడైతే. అంటే నేను నిద్రమత్తులో పోయి ట్రాలీని గుద్ది ఉంటే, అత్తమ్మకు నా కంపెనీ నష్టపరిహారం ఇవ్వాల్సి వచ్చేది. నేను సరిగ్గా నడిపాను, తప్పు ట్రాక్టర్‌ది, ట్రాక్టర్‌కు పాలసీ లేదు. కాబట్టి ఆమెకు జవాబుదారీ ఆ రైతు ఒక్కడే.

నల్లగొండ కోర్టులో మోటారు ప్రమాదాల కేసులు చూసే వకీలు గారి దగ్గరికి పోయాం. ఆయన టేబుల్ మీద ఫైళ్ల కట్టల మధ్య కొంచెం చోటు చేసి, నా కాగితాలు పరిచి, చాలా ఓపికగా చెప్పారు.

“మోటారు వాహనాల చట్టం 166 కింద వేస్తే తప్పు ట్రాక్టర్‌దని రుజువు చెయ్యాలె. చేస్తాం, అది కష్టం కాదు. ఆర్డర్ ఓనర్ మీద, డ్రైవర్ మీద వస్తది. వాళ్లు కట్టకపోతే ట్రిబ్యునల్ కలెక్టర్‌కు సర్టిఫికెట్ పంపిస్తది, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు చెయ్యాలె. కాగితం మీద బాగుంటది. ఆయనకు ఎంత భూమి ఉంది?”

ఎకరంన్నర అని తెలిసింది.

ఆయన కాసేపు ఆగి రెండో దారి చెప్పారు. ప్రమాదంలో ఇద్దరు డ్రైవర్ల తప్పూ ఉంటే, దెబ్బతిన్న మనిషి మొత్తం పరిహారం ఇద్దరిలో ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. “మీరు కూడా కొంచెం స్పీడ్‌లో ఉన్నారని పిటిషన్‌లో ఒక మాట రాస్తే, మీ కంపెనీ లోపలికి వస్తది” అన్నారు. నేను స్పీడ్‌లో లేను. పోలీసులకు ఒక మాట, కోర్టుకు ఒక మాట చెప్పడం నాకు చేతకాదన్నాను. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. వాళ్లమ్మ చెయ్యి కదా, ఆ చూపులో న్యాయం లేకపోలేదు. వకీలు గారు ఏమీ అనుకోలేదు, చాలామంది రాయిస్తారు, అందుకే చెప్పాను అన్నారు.

మూడో దారి అదే చట్టంలోని 164. ఇది 2019 సవరణతో వచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు, స్థిర మొత్తం. తప్పు ఎవరిదో చెప్పక్కర్లేదు, రుజువు చెయ్యక్కర్లేదు. బండి వాడకంలో ప్రమాదం జరిగింది, ఎముక విరిగింది, అంతే. బండి ఓనర్ గానీ ఇన్సూరెన్స్ కంపెనీ గానీ ఇవ్వాలి. ఆ ప్రమాదంలో నా కారు కూడా ఒక బండే కదా అని ట్రాక్టర్ ఓనర్‌తో పాటు నన్నూ, నా కంపెనీనీ ప్రతివాదులుగా పెట్టారు. అత్తమ్మ అల్లుడి మీద కేసు వేసిందని మా బంధువుల్లో కొన్నాళ్లు బాగా నడిచింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 164 కింద డబ్బు పుచ్చుకుంటే 166 పిటిషన్ నిలవదు. చెయ్యి పోయినవాళ్లకో, సంపాదించే మనిషి మంచం పట్టినవాళ్లకో ఈ స్థిర మొత్తం ఏ మూలకూ రాదు, వాళ్లు 166లోనే కొట్లాడాలి. మాకు లక్ష ఖర్చు, అరవై ఎనిమిదేళ్ల మనిషి, చెయ్యి ఇప్పుడు పని చేస్తోంది, బిందె మాత్రం ఎత్తలేదు. మాకిదే నయమనిపించింది. ఏ దారైనా ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలని చట్టంలో ఉంది కాబట్టి గడువులోనే వేశాం.

అప్పుడే వకీలు గారు ఇంకో సంగతి చెప్పారు, నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఆ పిల్లగాడు ట్రాక్టర్‌తో సహా పారిపోయి, ఏ బండో ఎప్పటికీ తేలకపోయి ఉంటే, హిట్ అండ్ రన్ పథకం కింద ప్రభుత్వ నిధి నుంచి తీవ్ర గాయానికి 50,000 వచ్చేవి, చనిపోతే రెండు లక్షలు. అతను మనిషిలా నిలబడ్డాడు, డోర్ తీశాడు, పేరు చెప్పాడు. కాబట్టి ఆ నిధి మాకు వర్తించదు. బండి ఎవరిదో తెలిసి, దానికి పాలసీ లేదని కూడా తెలిసినప్పుడు పరిహారం ఇచ్చే నిధి లేదు.

ట్రాక్టర్ సంగతి కూడా చెప్పాలి. ఇన్సూరెన్స్ లేని బండి ప్రమాదం చేస్తే, తగిన జామీను పెట్టందే ఓనర్‌కు తిరిగి ఇవ్వొద్దని, మూడు నెలల్లో పెట్టకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చెయ్యాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. వకీలు గారు ఆ తీర్పు కాపీ జతచేసి మేజిస్ట్రేటు కోర్టులో మా తరఫున మెమో వేశారు. ఊళ్లో కోతలు సగంలో ఉన్నాయి, కిరాయికి నడిపే ట్రాక్టర్ స్టేషన్లో ఆగిపోయింది. ఆ రైతు మళ్లీ మా దుకాణానికి వచ్చాడు, ఈసారి పెద్దమనిషి లేడు. కుర్చీలో కూర్చోకుండా యూరియా బస్తాలకు ఆనుకుని నిలబడ్డాడు. “అన్నా, బండి లేకుంటే కిరాయి లేదు, కిరాయి లేకుంటే మీకు ఇచ్చేది ఏడికెళ్లి?” అన్నాడు. మాటలో తప్పు పట్టడానికి లేదు. చివరికి పాస్‌బుక్కు, ఇంకొకాయన పూచీకత్తు పెట్టి విడిపించుకున్నాడు. పూచీకత్తు ఉండటం మాకు మంచిదే. వకీలు గారి లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో మాకు దొరికిన గట్టి కాగితం అదొక్కటే.

ట్రాక్టర్‌కు ఇప్పుడు థర్డ్ పార్టీ కట్టాడు. అది ముందే ఉండి ఉంటే అత్తమ్మ పిటిషన్‌లో ఒక కంపెనీ జవాబు చెప్పేది, ఆయన పాస్‌బుక్కు ఇంట్లోనే ఉండేది.

నా కంపెనీ ఆ కేసులో కౌంటర్ వేసింది. ప్రమాదానికి ట్రాక్టరే కారణం, మా పాలసీదారు తప్పేమీ లేదు, కాబట్టి మాకు బాధ్యత లేదు అని. నన్ను అంతగా వెనకేసుకొచ్చిన కాగితం ఇంకోటి లేదు. 164లో తప్పు ప్రస్తావనే రాకూడదు కదా అని వకీలు గారు దానికి సమాధానం తయారు చేసుకున్నారు. నా 31,500 కోసం ఆస్తి నష్టం కింద ట్రాక్టర్ ఓనర్ మీద విడిగా అడగొచ్చన్నారు. ఎకరంన్నర గుర్తొచ్చి నేను వద్దన్నాను. కంపెనీ తన 87,250 అతని దగ్గర అడుగుతుందా లేదా అన్నది వాళ్ల ఇష్టం, ఇప్పటికైతే నోటీసు ఇచ్చినట్టు వినలేదు.

మొన్న దసరాకు రెన్యువల్ వచ్చింది. బోనస్ సున్నా కావడంతో ఓన్ డ్యామేజ్ ప్రీమియం పెరిగింది. థర్డ్ పార్టీ భాగానికి బోనస్‌తో సంబంధం లేదు కాబట్టి అది అంతే ఉంది. జీరో డిప్రిసియేషన్ వేయించాను. అత్తమ్మ పేరు మీద విడిగా ఒక యాక్సిడెంట్ పాలసీ తీసుకున్నాం, ఎముక విరిగితే ఆస్పత్రి ఖర్చు వచ్చే రకం. కారు పాలసీలో అది వెతికి లాభం లేదని ఏజెంటుకు నేనే చెప్పాల్సి వచ్చింది.

పిటిషన్‌లో ఇప్పుడు డాక్టర్ సాక్ష్యం దగ్గర ఆగింది. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు వచ్చి ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ తనవేనని చెప్పాలి. ఆయనకు సోమవారాలు ఓపీ, కోర్టు వాయిదా సోమవారమే పడింది. తేదీ మార్చమని వకీలు గారు మెమో వేస్తున్నారు.